చల్లగదిలో గడుగ్గాయి

అత్తయ్యకు,

మేనల్లుడి నమస్కారాలు. నేను క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నువ్వు క్షేమమేనని నాకు తెలుసు. నీ గుమ్మం తొక్కే ధైర్యం ఏ జబ్బుకీ లేదు.

ఈ ఉత్తరంతో పాటు నా కోటు వస్తోంది. కుడి జేబు లోపల చిరిగింది. అందులో ఏం వేసినా లైనింగులోకి జారిపోతోంది. గుండీ కూడా ఒకటి వేలాడుతోంది. కోటు లేకపోతే మా స్టోరులో నిలబడలేం. బయట మాడ్చేసే ఎండ, లోపల పది డిగ్రీలు. నువ్వు బాగుచేసి పంపేదాకా పాత స్టోరుకీపరు వదిలేసి వెళ్లిన కోటు వేసుకుంటాను. అది నా మోకాళ్లు దాటి ఉంది. నిన్న గాజు తలుపులో నా నీడ చూసి ఎవరో అనుకుని "ఎవరది?" అని అరిచాను.

"అసలు నువ్వు అక్కడ ఏం వెలగబెడుతున్నావురా?" అని పోయినసారి అడిగావు. చెబుతాను. ఒక రకం బరువైన ఇసుక ఉంటుంది. దాన్ని ఘాటైన మందుల్లో ఉడికించి కరిగిస్తారు. ఆ నీళ్లలో పదిహేను లోహాలు కలిసి ఉంటాయి. అన్నీ ఒక తల్లి పిల్లలే, ఒకే పోలిక, ఒకే బుద్ధి. ఏ మందు వేసినా అన్నీ కలిసే కరుగుతాయి, కలిసే పేరుకుంటాయి. అందుకని ఇక్కడ ఒక పెద్ద షెడ్డులో వందల తొట్లు వరసగా పెట్టారు. ప్రతి తొట్టిలోనూ ఆ నీళ్లని ఒక రకం నూనెతో చిలికి, తేరనిస్తారు. ఒక లోహం వెంట్రుకవాసి నూనె వైపు మొగ్గుతుంది, ఇంకోటి నీళ్ల వైపు. ఆ వెంట్రుకవాసి తేడానే తొట్టి తర్వాత తొట్టిలో పెంచుకుంటూ పోతే ఆఖరికి ఎవరి దారి వాళ్లది. మా వాటా లోహం పేరు గడోలినియం. దాన్ని ముందు తెల్లని పొడిగా రాబట్టి, కాల్చి, ఇంకో పొడిగా మార్చి, గాలి చొరని కొలిమిలో కాల్షియంతో కరిగిస్తే అప్పటికి లోహమవుతుంది. పలకలుగా సాగగొట్టి నాకు అప్పజెబుతారు. వేలెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు, గోటి కన్నా కాస్త మందం. ఒక్కొక్కటి ఇరవై నాలుగు గ్రాములు, మొత్తం నలభై పలకలు. వీటిని అయస్కాంతం పక్కన పెడితే వేడెక్కుతాయట, తీసేస్తే చల్లబడతాయట. గ్యాసు లేకుండా చల్లబరిచే పెట్టెలు చేసే కంపెనీ ఒకటి కొంటోంది. తేమ తగిలితే మసకబారతాయి కాబట్టి చల్లగా, పొడిగా ఉంచాలి. వాటిని కాపలా కాయడమే నా ఉద్యోగం.

నెలాఖరుకి కంపెనీవాళ్లు వచ్చి తూచి తీసుకెళతారు. ఆ లెక్క సరిపోతే నన్ను పర్మనెంటు చేస్తారు. ఇంతకు ముందు మూడు ఉద్యోగాలు భయంతో నేనే వదిలేశానని నువ్వు ఎవరితోనూ అనకు.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క. స్టోరులో పెద్ద ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. కోటు వెనక చీలిక దగ్గర రెండు రెక్కలూ గాలికి లేచి వీపు మీద కొడతాయి. రోజుకి ఇరవై సార్లు ఎవరో తట్టారనుకుని వెనక్కి తిరుగుతున్నాను. ఏదైనా ఉపాయం చూడు.

మరో తా.క. ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. క్వార్టర్లు కూడా గేటు లోపలే. బయటికి వెళ్లే ఉత్తరాన్ని గేటాయన తూకం వేస్తాడు. కోటు ఎంత తూగాలో ఆయనకి తెలియదు కాబట్టి జేబులు తడిమి వదిలేశాడు.

~

ఒరేయ్ ఉలికిపాటూ,

దీర్ఘాయుష్షు. నువ్వు పుట్టినప్పుడు తలుపు గొళ్లెం చప్పుడుకి ఉలిక్కిపడ్డావు, ముప్పై ఒక్క ఏళ్లొచ్చినా అదే తంతు. ఆ పేరు నేను ఊరికే పెట్టలేదు.

కోటు పంపుతున్నాను. జేబు కొత్తది వేశాను, ఏనుగుని పెట్టుకున్నా చిరగదు. గుండీలు నాలుగూ మళ్లీ కుట్టాను, ఎందుకంటే ఒకటి వేలాడిందంటే మిగతావి వరసలో ఉన్నట్టే. లైనింగు కిందంతా విప్పి దులిపాను. ఒక బస్సు టిక్కెట్టు, రెండు వేరుశనగ తొక్కలు, ఏదో చెత్తాచెదారం. స్టోరులో నిలబడి వేరుశనగలు తింటున్నావా? ఆ పదిహేనుమంది అన్నదమ్ముల్ని విడదీసేవాళ్లు చూస్తే ముందు నిన్ను విడదీస్తారు.

వాళ్ల పని గొప్పదేరా, కాదనను. కానీ ఒకే పోలికవాళ్లని విడదీయడం నాకు కొత్త కాదు. నా దగ్గర నల్లదారం ఆరు రకాలుంది. గుమ్మంలోకి పట్టుకెళ్లి చూస్తే గానీ తేడా తెలియదు. ఆ లోహం పేరు నాకు నోరు తిరగలేదు. నేను గడుగ్గాయి అంటాను.

నెలాఖరు గురించి బెంగ పెట్టుకోకు. నీకు భయం ఎక్కువ కాబట్టే తాళం వేశాక నాలుగుసార్లు లాగి చూస్తావు. స్టోరుకీపరుకి అంతకంటే ఏం కావాలి? ధైర్యవంతులైతే తాళం మరిచిపోయి పడుకుంటారు.

ఆశీస్సులతో,
అత్తయ్య

తా.క. కోటు రెక్కలకి ఉపాయం చేశాను. అంచు మడతలో బరువు పెట్టి కుట్టాను. ఇక ఫ్యాను కాదు, గాలివానొచ్చినా లేవవు. బరువంటే ఏదిపడితే అది కాదు. ఇనుమైతే తుప్పుపట్టి బట్ట పాడుచేస్తుంది. కాబట్టి నేను ముందు అయస్కాంతం పెట్టి చూస్తాను, అంటుకుంటే అవతల పారేస్తాను. ఇది మా అమ్మ నేర్పిన పద్ధతి.

మరో తా.క. ఎదురింట్లో రేకుల పని చేసే బావగారు నా మీద కోపంగా ఉన్నారు. ఆయన రేకు కత్తెర పదును పోయిందట. అడిగితే ఇస్తారా అని అడక్కుండా తీసుకున్నాను, అదీ తప్పేనట.

~

అత్తయ్యా,

కోటు అందింది. దాని గురించి తర్వాత. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇరవై ఏడో నంబరు పలక లేదు. అరలు మూడుసార్లు దించాను, నేల మీద బోర్లా పడుకుని టార్చి వేశాను. ముప్పై తొమ్మిదే ఉన్నాయి. నిన్నటి నుంచి వెతుకుతూనే ఉన్నాను. ఎవరైనా "ఏమయ్యా" అంటే చాలు, అరల వెనక్కి తప్పుకుంటున్నాను.

ఎలా పోయిందో నాకు తెలుసు, అదే ఇంకా భయం. కోటు నీకు పంపిన రోజు పొద్దున ఆ పలక తుడుస్తున్నాను. గోడ మీద గంట మోగింది. చిన్నప్పుడు నేను నీ కొట్లో చాక్ ముక్కతో గోడల మీద గీస్తుంటే నువ్వు వెనక నుంచి "చేతిలో ఏముందిరా?" అని అరిచేదానివి, నేను ఉలిక్కిపడి జేబులో పడేసేవాణ్ణి. ఆ అలవాటు చెయ్యి మరిచిపోలేదు. గంట మోగగానే పలక జేబులోకి పోయింది. జేబులోంచి చిరుగులోకి, చిరుగులోంచి నీ దగ్గరికి.

ఎవరికీ చెప్పకు. నీ కొట్టంతా వెతుకు. లైనింగు దులిపినప్పుడు ఏ మూలో పడి ఉంటుంది. నీ కొట్లో తెల్లగా మెరిసే రేకులూ బిళ్లలూ బోలెడుంటాయి కాబట్టి చూపుని నమ్మకు. పాత స్టోరుకీపరు నాకు మొదటిరోజే చెప్పాడు: "కంటిని నమ్మకు, అయస్కాంతాన్ని నమ్ము." మా పలక అయస్కాంతాన్ని చూస్తే తప్పిపోయిన దూడ తల్లిని చూసినట్టు ఎగిరొచ్చి అతుక్కుంటుంది. గుండుసూదులు ఏరుకునే అయస్కాంతం నీ దగ్గర ఉందిగా. దానికి అంటుకోనిది మాది కాదు, అంతే.

నెలాఖరుకి పదమూడు రోజులు. పలక తగ్గితే ముందు ఉద్యోగం పోతుంది, తర్వాత పోలీసులొస్తారు.

ఇట్లు,
ఇంకా బయటే ఉన్న నీ మేనల్లుడు

తా.క. నువ్వేం కంగారుపడకు, ఆ పలక ప్రమాదం కాదు. కిరణాలు విసిరే పదార్థం ఆ ఇసుకలోనే వేరే ఒకటుంటుంది. దాన్ని మొదట్లోనే తీసేసి సీలువేసిన పీపాల్లో పెడతారు. కాబట్టి నిశ్చింతగా చేత్తో పట్టుకోవచ్చు.

మరో తా.క. ఈ ఉత్తరం కాల్చెయ్.

~

చిరంజీవికి,

కిరణాలా? ఒరేయ్, కంగారుపడకు అని రాసే ముందు నాకు కంగారే లేదు. నువ్వు కిరణాలనీ పీపాలనీ రాశాక కొట్లో ఏ వస్తువు ముట్టుకోవాలన్నా చెయ్యి వెనక్కి వస్తోంది. రెండు రోజులు చేతులకి గుడ్డ చుట్టుకుని కుట్టాను. ఒక లాగూకి మూడు కాళ్లు వచ్చాయి.

అయినా వెతికాను, నీ కోసం. ఇస్త్రీ బల్ల మీద అన్నీ కుప్పపోసి, పెట్టె సెగ మొహానికి కొడుతుంటే, చెమటలు కారుతూ ఒక్కొక్కదానికీ అయస్కాంతం పెట్టాను. నువ్వు చెప్పినట్టే కంటిని నమ్మలేదు. ఏది అంటుకుంటే అది ఈ పెట్టెలో వేశాను. ఇందులో నీ గడుగ్గాయి ఉండే తీరాలి. గుండుసూదులు రెండువందల పద్నాలుగు, పిన్నీసులు, హుక్కులు, బాబిను కేసు, విరిగిన కత్తెర సగం, వేలికి తొడుక్కునే రేకు టోపీ, పక్కింటామె బట్టల పెట్టె తాళంచెవి. తాళం పంపలేదు, అది ఇత్తడిది, అంటుకోలేదు. నీది నువ్వు తీసుకుని మిగతావి తిప్పి పంపు. బాబిను కేసు లేక మెషిను మూలపడింది. పక్కింటామె పెట్టె తెరుచుకోక మా తమ్ముడి చొక్కాలు తొడుక్కు తిరుగుతోంది.

భయమేస్తోందిరా నాకు. నా చేతుల్లో పెరిగినవాడివి. నిన్ను ఎవరైనా దొంగ అంటే ఆ మాట నేను వినలేను.

ఆశీస్సులతో,
అత్తయ్య

తా.క. నీ ఉత్తరం కాల్చలేదు. కాగితం మందంగా ఉంది, చొక్కా కాలరుకి నమూనా కత్తిరించుకున్నాను. రాతలున్న వైపు లోపలికి పెట్టాను.

మరో తా.క. నీ కోటు కుట్టినప్పుడు లైనింగులో ఒక రేకుముక్క కూడా దొరికింది, మసకమసగ్గా, వేలెడు. అయస్కాంతం దాని మొహం కూడా చూడలేదు. మళ్లీ మళ్లీ పెట్టాను, ఊహూఁ. కాబట్టి అది నీది కాదు. ఊరికే చెబుతున్నాను.

~

అత్తయ్యా,

దండం పెడతాను, ఇక ఏమీ పంపకు.

నీ పెట్టె గేటు దగ్గర విప్పారు. బయటికి పోయే లోహాన్ని పట్టుకోవడానికి గేటాయనకి చదువు చెప్పారు కానీ లోపలికి వచ్చే లోహానికి ఆయన పుస్తకంలో గడి లేదు. గుండుసూదులు మూడుసార్లు లెక్కపెట్టాడు, మూడు అంకెలొచ్చాయి. ఆఖరికి పైఆఫీసరుని పిలిచాడు. ఆయన ఆ తాళంచెవిని చేతిలో తిప్పుతూ నన్ను చూశాడు. "ఏమయ్యా, స్టోరులోంచి లోహం పోకుండా చూడమంటే, బయట లోహం తెచ్చి నింపుతున్నావేంటి? ఏదైనా తగ్గిందా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు అత్తయ్యా. ఆ నవ్వు చూశాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. ఇప్పుడు గేటాయన స్కేలు పెట్టి తన పుస్తకంలో "లోపలికి" అని కొత్త గడి గీసుకున్నాడు. దాని మీద నా పేరు రాసి ఉంచాడు.

పెట్టెలో మా పలక లేదు. నీ సామాను రేపు తిప్పి పంపుతాను.

ఆ రేకుముక్క సంగతి వదిలెయ్. అయస్కాంతానికి అంటుకోలేదంటే అది ఏ డబ్బా మూతో. పనికిమాలినదాని గురించి రాసి నా గుండె అదరగొట్టకు. అసలుదాన్ని వెతుకు.

ఇంకోటి చెప్పాలి, నవ్వకు. నిన్న కోటు వేసుకుని, పలకలు పరీక్షించే అయస్కాంతం కోసం బల్ల సొరుగు తీసి, వెనక్కి తిరిగాను. ఎవరో వెనక నుంచి కోటు పట్టుకుని లాగారు. మెల్లగా, చిన్నపిల్లలు లాగినట్టు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. నువ్వు బరువు వేశాక ఫ్యానుకి రెక్కలు కదలడం మానేశాయి, కాబట్టి ఫ్యాను కాదు. ఆ సొరుగు మళ్లీ తెరవలేదు. పలక పోయిందని ఆ గదికి తెలుసేమో అనిపిస్తోంది.

నెలాఖరుకి ఐదు రోజులే. ఈలోపు దొరక్కపోతే గేటు దాటి ఎటైనా వెళ్లిపోతాను. నా కోసం వెతకొద్దు.

ఇట్లు,
ఎటూ కానివాడు

తా.క. ఎటు వెళ్లాలో ఇంకా తేల్చుకోలేదు. ఒక్కణ్ణీ బస్సెక్కాలంటే భయం.

~

ఒరేయ్,

ఆశీర్వాదాలు తర్వాత, ముందు తిట్లు.

వెళ్లిపోతాడట! పారిపోతే చెయ్యని దొంగతనం కూడా చేసినట్టే అవుతుంది. నువ్వు ఏడేళ్లప్పుడు ఇలాగే ఇల్లు వదిలి వెళ్లిపోతానని సంచి సర్ది, వీధి చివర కుక్క ఉందని నన్ను తోడు రమ్మన్నావు. ఇప్పుడు నేను రాను. మోకాళ్లు నొప్పులు.

కొట్టంతా మళ్లీ ఊడ్చాను. ఊడ్చిన దుమ్ము జల్లెడ పట్టాను. దొరకలేదురా. దొరకలేదని రాయడానికి నాకెంత కష్టంగా ఉందో నీకు తెలియదు. నువ్వు మూడు ఉద్యోగాలు వదిలేసి వచ్చినప్పుడు అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఈ నాలుగో దాంట్లో నాలుగు నెలలు నిలబడ్డావు, ఆ నాలుగు నెలలూ ఉత్తరాలు వచ్చిన ప్రతిసారీ కవరు చింపే ముందు గుండె పట్టుకుని కూర్చున్నాను. నీ భయం ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు? మా వైపు నుంచే. నేను గట్టిగా అరుస్తాను కాబట్టి తెలియదంతే.

నిలబడు. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. జేబు చిరిగింది, గంట మోగింది, చెయ్యి తన పని చేసింది. నిజానికి ఇంతకంటే పొడుగు అక్కర్లేదు.

సొరుగు దగ్గర కోటు లాగింది దెయ్యమైతే దానికి కుట్టు విలువ తెలుసన్నమాట, మంచి దెయ్యమే.

నీ,
అత్తయ్య

తా.క. లెక్క రోజున నేను కుట్టిన కోటే వేసుకో. నీటుగా ఇస్త్రీ చేసిన కోటులో ఉన్నవాణ్ణి దొంగ అనాలంటే ఎవరైనా ఒక్క క్షణం తటపటాయిస్తారు. ఆ ఒక్క క్షణం నీకు చాలు.

మరో తా.క. పక్కింటామె తాళంచెవి ఇంకా రాలేదు. మా తమ్ముడి చొక్కాలు ఆమెకే బాగున్నాయని ఆమె తాళం పగలగొట్టించడం లేదు.

~

అత్తయ్యా,

ఈ ఉత్తరం నీకు అందేసరికి శనివారం అవుతుంది. సోమవారం పొద్దున నా విచారణ. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు కూడబలుక్కుని చదువుకో.

నువ్వు చెప్పిన కోటే వేసుకున్నాను. అదే నా కొంప ముంచింది.

కంపెనీ నుంచి ఒక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. చల్లగదిలో బల్ల మీద పెద్ద అయస్కాంతం బిగించి, ఒక్కో పలకా తూచి దానికి ఆనించి చూస్తోంది. పైఆఫీసరు పక్కన నిలబడి అంకెలు చదువుతున్నాడు. ఒకటి నుంచి ఇరవై ఆరు దాకా అందించాను. ఇరవై ఏడో గడి ఖాళీ. నేను దాన్ని దాటేసి ఇరవై ఎనిమిది అందుకోవడానికి బల్ల పక్కగా తిరిగాను. అంతే. టప్‌మని చప్పుడు. నా కోటు వెనక ఎడమ రెక్క ఎగిరి వెళ్లి ఆ అయస్కాంతాన్ని కరుచుకుంది. నేను ముందుకి పోతానంటే కోటు పోనంటోంది.

ఎవరూ ఏమీ అడగలేదు అత్తయ్యా. ఆ ఇన్‌స్పెక్టరమ్మ "అరె, చూసుకోండి" అంది, అంతే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను "నేను దొంగతనం చెయ్యలేదండీ!" అని అరిచాను. తర్వాత మొత్తం చెప్పేశాను. గంట, జేబు, చాక్ ముక్క, గుండుసూదులు, దెయ్యం. పైఆఫీసరు మొహం కందగడ్డలా అయింది. పైవాళ్లకి ఫోను చేస్తానని బయటికి వెళ్లిపోయాడు.

ఇన్‌స్పెక్టరమ్మ మెల్లగా ఆ అంచు విప్పింది. లోపల మా లోహమే! ఆవిడ దాన్ని నా పిడికిట్లో పెట్టి గదిలోంచి బయటికి తీసుకెళ్లి, ఎండలో కాసేపు నిలబెట్టింది. తర్వాత తన దగ్గరున్న చిన్న అయస్కాంతం ఆనించింది. అంటుకోలేదు. మళ్లీ చల్లగదిలో కాసేపు పెట్టింది. ఎగిరొచ్చి అంటుకుంది. ఇది దీని గుణమట. ఇరవై డిగ్రీల దాకా అయస్కాంతానికి చుట్టం. అది దాటి వేడెక్కితే ఎవరు నువ్వు అంటుంది. నేను నాలుగు నెలలుగా చల్లగదిలోనే చూశాను కాబట్టి నాకు తెలియలేదు. నువ్వు ఇస్త్రీ సెగ దగ్గర చూశావు కాబట్టి నీకు తెలియలేదు. "మీ అత్తయ్యగారు తుప్పుపట్టని బరువు ఏరారు, సరిగ్గానే ఏరారు" అని ఆవిడ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. రెండు వారాల తర్వాత మొదటిసారి.

అప్పుడు తూచారు. పన్నెండు గ్రాములు.

సగమే ఉంది అత్తయ్యా. ఒక పక్క అంచు కత్తెరతో నున్నగా కోసి ఉంది. పైఆఫీసరు తిరిగొచ్చి ఆ కోత చూశాడు. "ఇది జేబు చిరుగు పని కాదు, చేతి పని" అన్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ బండికి టైమైందని ముప్పై తొమ్మిదీ తీసుకుని వెళ్లిపోయింది. పైఆఫీసరు నా కోటుని తన గదికి పట్టుకుపోయి, బల్ల మీద పరిచి, అంగుళం అంగుళం అయస్కాంతంతో గాలించాడు. ఆ గదిలో కిటికీ కూడా తెరవరు, ఉడికిపోయి ఆయన చొక్కా తడిసి ముద్దయింది. ఏమీ దొరకలేదు. సంచిలో వేసి లక్క ముద్ర కొట్టాడు. నాతో ఒకటే మాట అన్నాడు: "సోమవారం నా బల్ల మీద ఇరవై నాలుగు గ్రాములుంటే దీన్ని జేబు చిరుగు అని రాస్తాను. పన్నెండే ఉంటే దొంగతనం అని రాస్తాను."

నువ్వు దాన్ని కోశావా? కోస్తే రెండో సగం ఏం చేశావు? చెత్తలో పోసి ఉంటే చెప్పకు, నేను తట్టుకోలేను.

ఇట్లు,
సోమవారం దాకా నీ మేనల్లుడు

తా.క. గేటాయన జాలిపడి ఈ ఉత్తరం తూకం వెయ్యకుండా పంపాడు. ఆయన జాలిపడ్డాడంటే నా పరిస్థితి నాకు అర్థమైంది.

~

ఒరేయ్ పిచ్చి సన్నాసీ,

ఈ ఉత్తరం పోస్టుకి ఇవ్వలేదు. రేకుల బావగారి కాళ్లూ గడ్డం పట్టుకుని స్కూటరు మీద పంపుతున్నాను. ఆదివారం సాయంత్రానికి గేటు దగ్గర ఇస్తారు. ఇది చదివి నువ్వు ఒక్కడివే గంతులెయ్యకు, పైఆఫీసరుకి కూడా చదివి వినిపించు. కాబట్టి అయ్యా, నమస్కారం. నేను వీడి అత్తయ్యని, ఆ కోటు కుట్టిన దర్జీని.

కోశాను. నేనే కోశాను. బావగారి రేకు కత్తెరతో, రెండు చేతులా నొక్కి సరిగ్గా సగానికి కోశాను, అందుకే దాని పదును పోయింది. ఎందుకు కోశానని అడుగుతున్నారా? ఆ కోటుకి వెనక రెక్కలు ఎన్ని? రెండు. నలభై ఏళ్లుగా కత్తెర పట్టినదాన్ని, ఒక్క రెక్కకే బరువు వేసి పంపిస్తానా? వేస్తే కోటు ఒక పక్కకి వాలి, వేసుకున్నవాడు కుంటివాడిలా కనపడడూ? రెండో సగం కుడి రెక్క అంచులో ఉంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికారు మీరిద్దరూ. మేమూ వెతికామనుకోండి, మాది వేరే చంక.

అయస్కాంతంతో గాలిస్తే దొరకలేదంటారా? వేడి తగిలితే అది చుట్టరికం మరిచిపోతుందని ఆ తల్లి చెప్పింది కదా. అప్పుడు మీరు ఫోను చెయ్యడానికి వెళ్లారట. తమరి గదిలో కిటికీ తెరవరట, చొక్కా తడిసిందట. ఆ వేడిలో ఆనిస్తే ఏం దొరుకుతుంది? చేత్తో తడిమినా దొరకదు, ఎందుకంటే మడతలో క్యాన్వాసు పెట్టి కుట్టాను. బరువు చేతికి తగిలితే అది నా కుట్టే కాదు. సోమవారం ఆ సంచిని ముద్రతో సహా చల్లగదిలోకి పట్టుకెళ్లండి. అందరి ముందూ ముద్ర విప్పి, కోటుని ఒక పావుగంట చల్లబడనిచ్చి, అయస్కాంతం దగ్గరికి పట్టుకోండి. కుడి రెక్క తనే లేచి తన సంగతి చెబుతుంది.

ఒరేయ్, నువ్వు విను. అందరి ముందూ ఎవరూ అడక్కుండానే నిజం చెప్పావు. అది భయంతో చెప్పావో ధైర్యంతో చెప్పావో నాకు అనవసరం. నీ ఉత్తరం చదివి నేను మెషిను మీద తల పెట్టుకుని ఏడ్చాను. భయంతో ఏడ్చాను, సగం గర్వంతో కూడా.

ఆశీస్సులతో,
అత్తయ్య

తా.క. ఈ కాగితం మడతలో చిన్న పొట్లం ఉంది. కోసినప్పుడు రాలిన రవ్వలు. బావగారి కత్తెర పళ్లలో ఇరుక్కున్నవి గుండుసూదితో ఒక్కొక్కటీ తీశాను. పన్నెండూ పన్నెండూ కలిపితే ఇరవై నాలుగుకి వెంట్రుకవాసి తగ్గుతుంది, ఆ తగ్గింది ఇదే. గేటాయనకి చెప్పు, ఆయన గీసుకున్న కొత్త గడిలో రాసుకోవడానికి ఇన్నాళ్లకి సరైన వస్తువు వచ్చిందని.

మరో తా.క. కుడి అంచు కత్తెరతో కోయొద్దని పైఆఫీసరుగారికి చెప్పు. సూదిమొనతో ఒక్కో కుట్టూ విప్పమను. పర్మనెంటు ఆర్డరు తీసుకునే రోజున నువ్వు మళ్లీ అదే కోటు వేసుకోవాలి. ఈసారి బరువుకి మాత్రం రెండు ఇత్తడి బిళ్లలు పంపుతాను. పక్కింటామె తాళం పగలగొట్టించి, కరిగించి చేయించాను, ఆమెకి ఇక అది అక్కర్లేదట.